గొంతులో లేని దగ్గు: మా జున్నుతో నా అనుభవం

2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది. ఆ రాత్రంతా మా కుక్క జున్ను మంచం కింద నుంచి బయటికి రాలేదు. వీధి వీధంతా పొగ. నాలుగైదు రోజుల తర్వాత దానికి దగ్గు మొదలైతే, ఆ పొగ వల్లేనని ఇంట్లో అందరం అనుకున్నాం. అలా అనుకుని వారం రోజులు ఊరుకున్నాం.

జున్ను మా ఇంటి పమేరియన్. పదకొండేళ్లు, అయిదు కిలోల నాలుగు వందల గ్రాములు. పిల్లగా తెచ్చినప్పుడు ఒంటి రంగు చూసి అమ్మ ఆ పేరు పెట్టింది. మేం ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, డెబ్బై నాలుగేళ్లు. రోజూ రెండు పూటలా దాన్ని బయట తిప్పేది ఆయనే. ఆయన చెప్పులు తొడుక్కునే చప్పుడు వినిపిస్తే చాలు, అది గుమ్మం దగ్గర నిలబడి ఉండేది.

ఆ దగ్గు ఎలా ఉండేదో వివరంగా చెప్పాలి. మొదట్లో మేం దాన్ని దగ్గని గుర్తుపట్టనే లేదు. తెల్లవారుజామున నాలుగు గంటలప్పుడు ఉన్నట్టుండి లేచి నిలబడేది. ముంగాళ్లు ఎడంగా పెట్టి, మెడ ముందుకు చాచి, పొట్ట ఎగరేస్తూ ఖహ్ ఖహ్ అని అయిదారు సార్లు. చివర ఒక ఓకరింత. నేల మీద రూపాయి బిళ్లంత తెల్లటి నురగ పడేది. అమ్మ అది వాంతి అనుకుంది. గొంతులో ఎముక ముక్క ఇరుక్కుందేమోనని నాన్న దాని నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూశారు. ఏమీ లేదు. అయిదు నిమిషాల్లో మామూలైపోయి తోక ఊపుతూ తిరిగేది. అన్నం తింటోంది, ఆడుతోంది, ఇంకేం భయం అనుకున్నాం.

నవంబరు 11, సోమవారం సాయంత్రం మేం ఎప్పుడూ టీకాలు వేయించే క్లినిక్‌కు తీసుకెళ్లాను. నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. లోపల రెండు నిమిషాలు కూడా పట్టలేదు. జ్వరం చూశారు, నోరు తెరిచి గొంతు చూశారు. కెన్నెల్ కాఫ్, అంటే కుక్కల నుంచి కుక్కలకు అంటుకునే దగ్గు అన్నారు. వారం రోజులకు యాంటీబయాటిక్, దగ్గు సిరప్ రాశారు. ఫీజు 400, మందులు 780 రూపాయలు. స్టెతస్కోపు డాక్టరు మెడలోనే ఉంది. అది జున్ను ఛాతీ మీదికి రాలేదు. ఆ రోజు నేను ఆ సంగతి పట్టించుకోలేదు. తర్వాత ఎన్ని రాత్రులు అదే గుర్తుకొచ్చిందో.

సిరప్ పట్టించడం ఇంకో అవస్థ. సూది తీసేసిన సిరంజితో చెంప పక్క నుంచి కొద్దికొద్దిగా పోయాలి. నేను తొందరపడి ఎక్కువ పోశాను, పొలమారింది. ఆ తర్వాత సిరంజి కనిపిస్తే మంచం కిందికి దూరేది. యాంటీబయాటిక్ అయిపోయేసరికి దగ్గు కొంచెం తగ్గినట్టే అనిపించింది. మూడో రోజుకు మళ్లీ మొదలైంది.

ఈ మధ్యలో చుట్టుపక్కల వాళ్ల సలహాలు. తులసి రసం, తేనె, వాము కషాయం. పక్కింటి ఆవిడ ప్రేమకొద్దీ వాళ్ల పిల్లవాడి జలుబు సిరప్ తెచ్చి ఇచ్చింది. అమ్మ దాన్ని చెంచాలో పోసేసింది కూడా. ఎందుకో ఆ రోజు నేను వద్దన్నాను. దాంట్లో పారాసెటమాల్ ఉందని, ఇంత చిన్న కుక్కకు అది ప్రమాదమని, చక్కెర లేని సిరప్పులలో కలిపే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషమని నాకు తర్వాత తెలిసింది. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పుడు చేతిలో అలాంటి సీసా పట్టుకుని ఉంటే దయచేసి పక్కన పెట్టేయండి.

నవంబరు 22న అదే క్లినిక్‌కు మళ్లీ వెళ్లాం. ఈసారి ఎలర్జీ అన్నారు. స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఫీజుతో కలిపి 750. మర్నాటి నుంచి దగ్గు చేత్తో తీసేసినట్టు పోయింది. నాలుగు రోజులు జున్ను పాత జున్నులాగే ఉంది. నాన్న సంతోషంతో సాయంత్రం నడక కూడా పెంచారు. అయిదో రోజు రాత్రి మళ్లీ అదే దగ్గు, ఈసారి ఇంకా ఎక్కువగా.

నాకు చాలా బాధ కలిగించేది ఈ రోజుల సంగతే. దగ్గు ఒక్కటే కాదు, ఇంకా గుర్తులు కనిపిస్తూనే ఉన్నాయి. డాబా మెట్లు ఎక్కుతూ సగంలో ఆగేది. ఎప్పుడూ పక్కకు తిరిగి కాళ్లు చాపుకుని పడుకునేది కాస్తా పొట్ట మీద బోర్లా, గడ్డం గుమ్మం మీద ఆనించి పడుకోవడం మొదలుపెట్టింది. రాత్రిపూట ఒకచోట పడుకునేది కాదు, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి తిరుగుతూ ఉండేది. ముసలిదైంది కదా అనుకున్నాను. ఊపిరి కోసం అది అలా చోటు వెతుక్కుంటోందని నాకు తట్టలేదు.

డిసెంబరు 3, మంగళవారం. రాత్రి ఒంటిగంటన్నరకు నాన్న నన్ను లేపారు. జున్ను వరండాలో కూర్చుని ఉంది. పడుకోవడం లేదు. మోచేతులు బయటికి పెట్టి, మెడ పైకెత్తి ఉంది. నోరు తెరిచే ఉంది. పొట్ట పక్కలు కొలిమితిత్తుల్లా ఎగిరిపడుతున్నాయి. దగ్గడానికి కూడా దానికి ఊపిరి లేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగులో లేవు, నీలం కలిసిన బూడిద రంగు. నేను పిలిస్తే కళ్లు మాత్రం నావైపు తిప్పింది.

మా క్లినిక్ నంబరు ఎత్తలేదు. ఇంకో రెండు నంబర్లు కూడా అంతే. నాలుగోది, ఆఫీసులో ఒకావిడ ఎప్పుడో ఇచ్చిన నంబరు. ఒక పెద్దాయన ఎత్తారు. కింద క్లినిక్, పైన ఇల్లు. ‘‘నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందమ్మా?’’ అని అడిగారు. తెలియదన్నాను. ‘‘సరే, వెంటనే తీసుకురండి. ఎత్తుకునేటప్పుడు ఛాతీ నొక్కొద్దు, మీద గుడ్డ కప్పొద్దు. దారిలో నీళ్లు, మందులు ఏవీ నోట్లో పొయ్యొద్దు’’ అన్నారు. వీధి చివర నిద్రపోతున్న ఆటో అబ్బాయిని నాన్న లేపారు. అతను ఒక్క మాట అడగకుండా బండి తీశాడు. దిగాక డబ్బులు ఇవ్వబోతే, ముందు లోపలికి వెళ్లండి అన్నాడు. అతనికి మేం ఎంత చెప్పుకున్నా తక్కువే.

ఆ పెద్దాయన, అంటే డాక్టరుగారు, మొదట చేసిన పని స్టెతస్కోపు పెట్టడం. ఎడమ పక్క, మోచేయి వెనకాల. పది సెకన్లు కూడా కాలేదు. ‘‘గుండెలో మర్మర్ ఉంది, అంటే ఉండకూడని చప్పుడు, చాలా గట్టిగా వినిపిస్తోంది. ఇంతకుముందు ఎవరూ చెప్పలేదా?’’ అన్నారు. లేదన్నాను. నిమిషానికి ఊపిరి 64. అంతకుమించి అప్పుడేమీ మాట్లాడలేదు. ముక్కు దగ్గర ఆక్సిజన్ మాస్కు పట్టుకోమని నాకు ఇచ్చారు, ఒక ఇంజెక్షన్ చేశారు. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు మూత్రంగా బయటికి పోవాలి, అందుకే ఈ ఇంజెక్షన్ అన్నారు. ఇక ఎదురు చూడటమే.

నలభై నిమిషాలు. గోడ గడియారం చప్పుడు, ఆక్సిజన్ యంత్రం బుస. నాన్న ఒక మూల స్టూలు మీద కూర్చుని తలవంచుకుని ఉన్నారు. మూడు గంటలకు అయిదు నిమిషాలు ఉందనగా జున్ను ఆ టేబుల్ మీదే మూత్రం పోసింది. నా చీర తడిసింది. డాక్టరుగారి ముఖం విప్పారింది. ‘‘మనకు కావలసింది ఇదేనమ్మా’’ అన్నారు. ఇంకోసారి లెక్కపెడితే 52. తెల్లవారేసరికి 38. ఆరు గంటలకు అది మొదటిసారి తల నా చేతి మీద వాల్చి పడుకుంది. ఆ రాత్రి ఖర్చు 4,500 రూపాయలు.

పొద్దున కాస్త కుదుటపడ్డాక ఎక్స్‌రే తీశారు. మత్తు ఇస్తారేమోనని భయపడ్డాను, ఇవ్వలేదు. ఊపిరి ఇబ్బందిగా ఉన్నప్పుడు మత్తు మంచిది కాదట. సీసపు ఏప్రన్ వేసుకుని నేను ముందుకాళ్లు, అసిస్టెంటు వెనకకాళ్లు పట్టుకున్నాం. రెండు ఫిల్ములు, 1,600 రూపాయలు. రక్త పరీక్షలకు 1,900.

అప్పుడు డాక్టరుగారు అడిగిన ప్రశ్నలు నాకు ఒక్కొక్కటీ గుర్తున్నాయి. ఈ మధ్య వేరే కుక్కలతో కలిసిందా? హాస్టల్లో గానీ, గ్రూమింగ్‌కు గానీ వదిలారా? దగ్గు ఎక్కువగా ఎప్పుడు, పడుకున్నాకా, ఉత్సాహంగా గెంతినప్పుడా, నీళ్లు తాగినప్పుడా, మెడపట్టీ లాగినప్పుడా? దగ్గు పొడిగా గరగరమంటుందా, తడిగా ఉంటుందా? చివర్లో ఓకరిస్తుందా? వీడియో ఉందా? వీడియో లేదు. నెల రోజుల్లో ఇన్నిసార్లు దగ్గితే ఒక్కసారి కూడా ఫోను తీయాలనిపించలేదు. డాక్టరు ముందు కుక్కలు ఎప్పుడూ దగ్గవు. అందుకని మీరైతే ముందే తీసి పెట్టుకోండి. దగ్గింది ఒకటి, నిద్రపోతున్నప్పుడు ఛాతీ కదలిక ఒకటి.

జున్ను వేరే కుక్కల్ని కలవనే లేదు. పైగా అంటుదగ్గు అయితే మామూలుగా రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది, నెల దాటి ఇలా ముదరదు అన్నారు. జ్వరం లేదు, ఆకలి ఉంది కాబట్టి నిమోనియా మీద అనుమానం తక్కువ. దోమల ద్వారా వచ్చే గుండె పురుగు కూడా దగ్గు తెప్పిస్తుందని పరీక్ష చేశారు, అది లేదని పది నిమిషాల్లో తేలింది. తర్వాత గొంతు కింద శ్వాసనాళం మీద రెండు వేళ్లతో మెల్లగా నొక్కారు. వెంటనే జున్ను బాతు అరిచినట్టు దగ్గింది. చిన్న జాతుల్లో, ముఖ్యంగా పమేరియన్లలో, వయసు పైబడే కొద్దీ శ్వాసనాళాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి వలయాలు మెత్తబడి నాళం చదునుగా అణిగిపోతుందట. జున్నుకు అది కొంత ఉంది. కానీ రాత్రి ప్రాణం మీదికి తెచ్చింది అది కాదు.

ఎక్స్‌రేను దీపం పెట్టె మీద పెట్టి చూపించారు. ఒక తెల్ల కాగితం అంచు గుండె నిలువు మీద ఆనించి పెన్సిలుతో గీత పెట్టారు. అడ్డం మీద ఆనించి ఇంకో గీత. ఆ కాగితాన్నే వెన్నెముక మీదికి జరిపి, నాలుగో వీపు పూస నుంచి ఒక్కొక్క పూసా లెక్కపెట్టారు. రెండూ కలిపితే పన్నెండు పూసలు. మామూలుగా పదిన్నర దాటకూడదు. గుండె ఎడమ పై గది ఉబ్బి, దాని మీదుగా పోయే శ్వాసనాళపు కొమ్మను కింద నుంచి పైకి ఎత్తేసింది. ‘‘ఇదిగో, మీరు గొంతులో వెతికిన దగ్గు ఇక్కడుంది’’ అన్నారు. నేను ఆ నల్లటి ఫిల్ము మీద ఆ చిన్న ఉబ్బునే చూస్తూ ఉండిపోయాను.

గుండె ఎడమ పక్క రెండు గదుల మధ్య తలుపులా ఉండే మిట్రల్ కవాటం అరిగి మూతపడక, రక్తం వెనక్కి చిమ్ముతోంది. చిన్న జాతి ముసలి కుక్కల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించే గుండె జబ్బు ఇదేనట. నయం కాదు. మందులతో నెట్టుకురావచ్చు. అంతకుముందు ఇచ్చిన స్టిరాయిడ్ గురించి అడిగాను. దగ్గును కొన్నాళ్లు అణచిపెడుతుంది, గుండె జబ్బు ఉన్నప్పుడు మాత్రం ఒంట్లో నీరు నిలవడానికి తోడ్పడే అవకాశం ఉంటుంది అన్నారు. ఎవరినీ తప్పుపట్టలేదు. కోపం నాకు మాత్రం వచ్చింది. ఇప్పటికీ ఉంది. రెండుసార్లు వెళ్లినా ఛాతీ మీద స్టెతస్కోపు ఎందుకు పెట్టలేదు? పెట్టమని నేనెందుకు అడగలేదు?

ఇంటికి వచ్చాక నాన్న జున్ను మెడపట్టీ విప్పి చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. లోపలి అంచు వాడి వాడి నల్లగా నున్నబడింది. రోడ్డు మీద వేరే కుక్క కనిపిస్తే ఆయన దాన్ని ఆ పట్టీతోనే వెనక్కి లాగేవారు. ‘‘నేనే దాని గొంతు నులిమానా అమ్మాయ్?’’ అని అడిగారు. గుండె జబ్బు మెడపట్టీ వల్ల రాదని డాక్టరుగారి చేత ఫోనులో చెప్పిస్తే తప్ప ఆయన అన్నం తినలేదు. శ్వాసనాళం మెత్తబడిన కుక్కకు మెడ మీద బరువు పడకూడదన్నది మాత్రం నిజం. ఛాతీకి తగిలించే హార్నెస్ 450 రూపాయలకు కొన్నాం.

మందుల సంగతి. మొదటిది ఫ్యూరోసెమైడ్, నీరు పోయే మాత్ర. మందుల షాపులో పట్టీ చేతికి ఇస్తే ఎక్కడో చూసినట్టుంది అనుకున్నాను. నాన్న కాళ్ల వాపుకు వేసుకునేది అదే మాత్ర, అదే కంపెనీ. ఆయనకు ఒకటి, జున్నుకు దాని బరువును బట్టి పావు ముక్క, పూటకొకటి. ఇంట్లో ఉంది కదా అని ఎవరూ సొంతంగా వేయకూడదు. మోతాదు తేడా పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. రెండు మందుల డబ్బాలూ వేర్వేరు అరల్లో పెట్టి, జున్ను డబ్బాకు ఎర్ర దారం కట్టాం. చాకుతో కోస్తే పావు ముక్క పొడిపొడి అయ్యేది. మాత్రలు కోసే చిన్న డబ్బా 120 రూపాయలకు కొన్నాక ఆ బాధ తప్పింది.

రెండోది పిమోబెండాన్. గుండె కొట్టుకునే బలం పెంచుతుంది. ఇది గుంటూరులో నేను అడిగిన షాపుల్లో దొరకలేదు, విజయవాడ నుంచి తెప్పించారు. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులకు డాక్టరుగారు తన దగ్గరున్న పట్టీలోంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చారు. తిండికి గంట ముందు, ఖాళీ కడుపున వేయాలి. పొద్దున ఆరు, సాయంత్రం ఆరు. ఇంటి దినచర్య అంతా ఆ రెండు ఆరు గంటల చుట్టూ తిరగడం మొదలైంది. తర్వాత బెనజెప్రిల్, స్పిరోనోలాక్టోన్ కూడా కలిశాయి. నెలకు మందులకే 3,200 దాకా అవుతోంది.

ఎవరూ ముందుగా చెప్పని విషయం, ఇల్లు తడవడం. నీరు పోయే మాత్ర వేశాక గంటకోసారి మూత్రం. పదకొండేళ్లలో ఇంట్లో ఒక్కసారి కూడా పాడు చేయని కుక్క, హాలు మధ్యలో పోసేసి తలుపు వెనక్కి వెళ్లి దాక్కునేది. దాని కళ్లలో ఆ తప్పు చేసిన చూపు నేను తట్టుకోలేకపోయాను. పాత పేపర్లు పరిచాం. వరండా తలుపు రాత్రిళ్లు తెరిచే ఉంచాం. మాత్ర సాయంత్రం ఆరు దాటకుండా వేస్తే రాత్రి కాస్త నయం. అమ్మ ఒక రోజు, ఇంత తాగడం వల్లే ఇంత పోస్తోందని నీళ్ల గిన్నె తీసి పైన పెట్టేసింది. ఆ మాట ఫోనులో చెబితే డాక్టరుగారు మొదటిసారి గొంతు పెంచారు. ఈ మాత్ర వేసుకునే కుక్కకు నీళ్లు ఎప్పుడూ ఆపకూడదు. ఒంట్లో నీరు ఇంకిపోయి మూత్రపిండాలు పాడవుతాయి. అమ్మ ఆ సాయంత్రం ఇంట్లో మూడు చోట్ల గిన్నెలు పెట్టింది.

గుండె స్కాన్, అంటే ఎకో, హైదరాబాద్‌లో చేయించమన్నారు. ఫోను చేస్తే పన్నెండు రోజుల తర్వాత, డిసెంబరు 17కు సమయం ఇచ్చారు. అంత దూరం ప్రయాణం తట్టుకుంటుందా అని నాకు భయం. ఊపిరి 30 లోపు నిలబడితే వెళ్లవచ్చు అన్నారు. మాట్లాడుకున్న కారు రానూపోనూ 7,500. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి పిడుగురాళ్ల, వాడపల్లి మీదుగా మిర్యాలగూడ చేరేసరికే నాలుగుసార్లు ఆపాం, మూత్రం కోసం. వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే అది నా ఒడిలోంచి తల ఎత్తి కిటికీ గాలి ముక్కుతో పీల్చింది. నెల రోజుల్లో దాని ముఖం అంత ప్రశాంతంగా చూడలేదు.

ఎకోకు కూడా మత్తు లేదు. ఛాతీకి రెండు పక్కలా అరచేయంత మేర వెంట్రుకలు గొరిగారు. ఆ తెల్లటి బొచ్చు నేల మీద రాలుతుంటే నాన్న వంగి ఒక కుచ్చు తీసి జేబులో పెట్టుకున్నారు. టేబుల్‌కు మధ్యలో రంధ్రం ఉంటుంది. కుక్కను పక్కకు పడుకోబెట్టి ఆ రంధ్రంలోంచి కింద నుంచి స్కాన్ చేస్తారు. చల్లటి జెల్లీ తగలగానే ఉలిక్కిపడింది, తర్వాత నా వేలు నాకుతూ ఇరవై నిమిషాలు కదలకుండా ఉంది. తెర మీద కవాటం రెక్కలు అంచుల్లో ముడులు పడినట్టు లావుగా కనిపించాయి. ఎడమ పై గది వెడల్పును, పక్కనే ఉన్న బృహద్ధమని వెడల్పుతో పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తి 1.6 లోపు ఉండాలి. జున్నుది 2.1. రిపోర్టులో స్టేజి సి అని రాశారు. ఒకసారి ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చినవాటిని ఆ దశలో లెక్కిస్తారట. ఎకోకు, ఫీజుకు కలిపి 3,500. ఎన్నాళ్లు బతుకుతుందని నాన్న అడిగారు. కొన్ని నెలలే ఉంటాయి, కొన్ని ఏడాది, అంతకు మించి కూడా ఉంటాయి, ఇంట్లో ఎంత జాగ్రత్తగా గమనిస్తారన్నది చాలా ముఖ్యం అన్నారు. హార్నెస్, మాత్రలు కోసే డబ్బా, నెలనెలా మందులు కాకుండానే మొదటి ఆరు వారాల్లో మాకు 21 వేలు దాకా అయింది.

ఇంటికి వచ్చాక కూడా దగ్గు పోలేదు. రోజుకు మూడు నాలుగు సార్లు దగ్గుతూనే ఉంది. మందులు పనిచేయడం లేదని హడలిపోయి ఫోను చేశాను. అప్పుడు తెలిసింది. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గినా, ఉబ్బిన గుండె శ్వాసనాళం మీద ఆనుతూనే ఉంటుంది, నాళం మెత్తబడటం కూడా ఉంది, కాబట్టి కొంత దగ్గు దానితోనే ఉండిపోతుంది. మనం భయపడాల్సిన లెక్క వేరే ఉంది. బాగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. అలా అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. 30 లోపు ఉంటే నిశ్చింత. దాటితే కాసేపాగి మళ్లీ చూడాలి, అప్పటికీ దాటే ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఫోను చేయాలి. కలలు కంటూ కాళ్లు కదిలిస్తున్నప్పుడు లెక్కపెట్టకూడదు. నెల రోజుల పాటు మా చేతికి అందేంత దూరంలో, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఉన్న పరీక్ష ఇది. ఎవరైనా నవంబరులో ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ డిసెంబరు రాత్రి దాకా వచ్చేది కాదు.

ఆ లెక్క నాన్న తీసుకున్నారు. వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండరులో, తిథి, వర్జ్యం పక్కన మిగిలిన కాస్త జాగాలో నీలం పెన్నుతో రాస్తారు. 24. 22. 26. రాత్రి పదింటికి కళ్లద్దాలు పెట్టుకుని, చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని దాని పక్కన నేల మీద కూర్చుంటారు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేని మనిషి.

సంక్రాంతికి ఆ అంకెలే దాన్ని కాపాడాయి. జనవరి 14న ఇంటినిండా చుట్టాలు. ఉప్పు పెట్టొద్దని అందరికీ చెప్పాం. అయినా పిల్లలు ముద్దొచ్చి చెక్కలు, చేగోడీలు పెట్టేశారట, తర్వాత తెలిసింది. 15వ తేదీ రాత్రి నాన్న లెక్క 36. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 38. చూడటానికి జున్ను మామూలుగానే ఉంది, దగ్గు కూడా ఎక్కువ లేదు. ఫోను చేస్తే డాక్టరుగారు అదనంగా ఒక మోతాదు మాత్ర వేయమని, రెండు గంటలకోసారి లెక్కపెట్టమని చెప్పారు. మర్నాడు సాయంత్రానికి 26. ఆసుపత్రికి వెళ్లకుండానే గండం గడిచింది. వారం తర్వాత రక్త పరీక్షలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కొంచెం పెరిగిందని నీరు పోయే మాత్ర కాస్త సర్దారు. అప్పడం, పచ్చడి కలిపిన అన్నం, బిస్కెట్లు అన్నీ మానేశాం. ఉప్పు లేకుండా ఉడికించిన చికెను, అన్నం, సొరకాయ. మాత్ర పెట్టడానికి వేలి కొసంత ఇడ్లీ ముక్క.

ఇది రాస్తున్నది 2025 మార్చి మూడో వారంలో. గొరిగిన చోట వెంట్రుకలు దాదాపు పూర్తిగా పెరిగాయి. మెట్లు ఎక్కనివ్వడం లేదు, డాబా మీదికి నేనే ఎత్తుకెళ్తున్నాను. సాయంత్రం నడక వీధి చివరి దాకా కాకుండా నాలుగిళ్ల అవతలి వేపచెట్టు దాకా, ఎండ పూర్తిగా తగ్గాకే. అక్కడ నాన్న ఆగుతారు, అదీ ఆగుతుంది, ఇద్దరూ కాసేపు నిలబడి వెనక్కి వస్తారు. తెల్లవారుజామున ఒకటి రెండు సార్లు దగ్గుతుంది. నేను లేచి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి మళ్లీ పడుకుంటాను. ఏప్రిల్ మొదటి వారంలో మళ్లీ రక్త పరీక్ష ఉంది.

30న ఉగాది. కొత్త క్యాలెండరు వచ్చేసింది. పాతది తీసేయబోతే నాన్న ఒప్పుకోలేదు, డాక్టరుగారికి చూపించాలి, దాని లెక్కంతా ఇందులోనే ఉంది అన్నారు. రెండూ ఒకే మేకుకు వేలాడుతున్నాయి. నిన్న రాత్రి అంకె 22.